టైరు బల్ల దగ్గర నలుగురు

"నేను రాను" అన్నాడు కొడుకు, సాక్సులు తొడుక్కుంటూ.

కోడలు అద్దంలోంచి అతని వంక చూసింది. రాని మనిషికి సాక్సులెందుకని అడగబోయి ఊరుకుంది. ఏ మాట పైకి అనాలో, ఏ మాట మింగాలో ఈ తొమ్మిది రోజుల్లో ఆమెకు బాగానే అలవాటైంది.

తొమ్మిది రోజుల కిందట పొద్దున్నే, టీ తాగుతూ, అత్తగారు తాను మళ్ళీ పెళ్ళి చేసుకోదలచానని చెప్పింది. చేసుకోబోయే ఆయన లారీలకూ బస్సులకూ బ్రేకులు బాగుచేసే మెకానిక్. ఆవిడకు యాభై ఎనిమిది, ఆయనకు అరవై ఒకటి. చెప్పాల్సింది చెప్పి, కప్పు కడిగి బోర్లించి, ఆవిడ డ్యూటీకి వెళ్ళిపోయింది. ఆ పూటనుంచి తల్లీకొడుకుల మధ్య మాటల్లేవు.

ఉన్న మాటలన్నీ కోడలి ద్వారానే. ఆమె ఉద్యోగం బస్టాండులో, మైకు ముందు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఎంత ఆలస్యమో రోజంతా చెప్పి ఇంటికొస్తే ఇక్కడా అదే ఉద్యోగం. గీజరు కట్టేశారా అని కొడుకు అడగమంటాడు. కట్టేశానని చెప్పమంటుంది తల్లి. ఇద్దరి మధ్య దూరం పదడుగులు. ఒకరోజు విసుగు పుట్టి, హాలు మధ్య నిలబడి "ప్రయాణికులకు మనవి" అని మొదలుపెట్టింది. అత్తగారు పకపకా నవ్వింది. ఇద్దరూ ఒకేసారి నవ్వితే రాజీ పడ్డట్టవుతుందని భయపడి కొడుకు స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

ఇవాళ్టి ఏర్పాటు కోడలిదే. నలుగురూ ఒక్కచోట కూర్చుని ఒక్కసారి తింటే చాలు, ఆ తర్వాత ఎవరి ఇష్టం వాళ్ళదని చెప్పింది. ఇంట్లో వద్దు, ఇంట్లో అయితే కొడుకు లేచి గదిలోకి వెళ్ళిపోతాడు. పెద్ద హోటలూ వద్దు. అక్కడ అందరూ మర్యాదగా, ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంటారు. కూతవేటు దూరంలో కొత్తగా తెరిచినచోట బర్గర్లూ, రొట్టెలో అన్నం చుట్టి ఇచ్చే బరీటోలూ దొరుకుతాయని తోటి ఉద్యోగిని చెప్పింది. చేతుల నిండా తిండి పట్టుకుని ఎవరూ గట్టిగా పోట్లాడలేరని కోడలి లెక్క. ఫోనులో బర్గరు బొమ్మ చూసి, శుక్రవారం సాయంత్రం ఆరింటికి నలుగురికి బల్ల చెప్పిపెట్టింది. బొమ్మ కింద ఇంకేం రాసుందో చదవలేదు.

"మీరు రాకపోతే ఆయన ఏమీ అనుకోరు" అంది జడ ముడివేసుకుంటూ. "మీ అమ్మే అనుకుంటారు."

కొడుకు రెండో సాక్సు కూడా తొడుక్కున్నాడు.

* * *

గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కోడలు ఆగిపోయింది.

తలుపుకు అటొకటి, ఇటొకటి లారీ టైర్లు నిలబెట్టి ఉన్నాయి. పైన బోర్డు మీద ‘షెడ్డు’ అని ఎర్రరంగుతో రాసుంది. లోపల గోడల నిండా నంబరు ప్లేట్లు, స్టీరింగులు, సైలెన్సరు గొట్టాలు. పెద్ద టైర్ల మీద గాజుపలక పరిచి బల్లలు చేశారు. వడ్డించేవాళ్ళందరికీ నీలం రంగు మెకానిక్ దుస్తులు, వాటి మీద అక్కడక్కడా కావాలని అద్దిన నల్లమరకలు. తలుపు తీసి నిలబడ్డ అమ్మాయి బుగ్గ మీద కూడా గ్రీజు చార ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే అది కాటుక.

కొడుకు భార్య వైపు తిరిగాడు. ఇది కావాలనే చేశావా అన్నట్టుంది ఆ చూపు. అతని మొహంలో కోపం కంటే బెరుకే ఎక్కువ కనిపించింది. ఆ మనిషిని ఒప్పుకోకపోవడం వేరు, పిలిచి వెక్కిరించడం వేరు. రెండోది అతనికీ మనసొప్పని పనే.

కోడలు అత్తగారి చెవిలో, నాకు తెలీదత్తయ్యా, వేరేచోటికి పోదామా అంది. అత్తగారు ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే మనిషి. ముప్ఫై ఏళ్ళుగా ఎదుటివాళ్ళు భయపడుతుంటే తాను నింపాదిగా ఉండటమే ఆవిడ పని. "ఆయన వచ్చేశారు" అంది.

మూలబల్ల దగ్గరనుంచి ఒక మనిషి లేచి నిలబడ్డాడు. పొడుగాటి మనిషి, కొంచెం ముందుకు వంగిన భుజాలు, ఇస్త్రీ మడత చెదరని తెల్లచొక్కా. గోళ్ళు తోమితోమి ఎర్రబడ్డాయి. పని అయిపోయాక కనీసం గంటసేపు సబ్బుతో కుస్తీపట్టి ఉంటాడు. గ్రీజు వదిలించుకుని వచ్చిన ఆ ఒక్కడి చుట్టూ, గ్రీజు పూసుకున్నవాళ్ళు పదిమంది తిరుగుతున్నారు. కోడలికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అందరూ ఆయన్ని బ్రేకులాయన అంటారట. అత్తగారు ఇంట్లో చెప్పినప్పుడూ ఆ పేరుతోనే చెప్పింది. ఆయన చేతులు జోడించాడు. కొడుకు కూడా జోడించాడు కానీ, కుర్చీ లాక్కునే నెపంతో వెంటనే విడదీశాడు.

అందరూ కూర్చున్నారు. ఆ తర్వాత బ్రేకులాయన, ఇప్పుడే వస్తానని లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు. చేతులు వెనక్కి కట్టుకుని, నంబరు ప్లేట్లు దాటుకుంటూ, స్టీరింగులు దాటుకుంటూ నెమ్మదిగా నడిచాడు. ఒకచోట ఆగిపోయాడు. చాలాసేపు కదల్లేదు.

"బాధపడ్డారు" అన్నాడు కొడుకు లోగొంతుతో. భార్యతోనే అన్నాడు.

"బాధపడితే చెప్తారు" అంది తల్లి. అదీ కోడలితోనే.

ఆయన తిరిగొచ్చి కూర్చుని, గోడ వైపు వేలు చూపించాడు. అక్కడ మేకులకు తగిలించిన, బండి కుదుపు ఆపే కమాను పట్టీలు ఓ పాతరకం బస్సువట. ఇప్పుడా బండ్లు ఎక్కడా తిరగడం లేదు. పద్నాలుగేళ్ళ వయసులో పని నేర్చుకోవడానికి వెళ్ళినప్పుడు, గురువు ఆయన చేత మొట్టమొదట విప్పించింది ఆ బండి చక్రాన్నే. మళ్ళీ కంటపడుతుందని అనుకోలేదన్నాడు.

"మంచిచోటికి పిలిచావమ్మా" అన్నాడు కోడలితో. "కాకపోతే ఆ పక్కన పెట్టిన బ్రేకు డ్రమ్ము తలకిందులుగా ఉంది. పోనీలే, అది ఎవర్నీ ఆపక్కర్లేదుగా."

కోడలు ఊపిరి పీల్చుకుంది. ఇంకాసేపట్లో ఏడ్చేదాన్నని ఆ తర్వాత అత్తగారితో చెప్పింది.

* * *

గ్రీజు చార అమ్మాయి అట్టకు బిగించిన మెనూ కాగితాలు తెచ్చి ఇచ్చింది. అచ్చం మెకానిక్ షెడ్డులో బండి రిపేరు రాసుకునే కాగితంలాగే ఉన్నాయి, కాకపోతే ‘ఫిర్యాదు’ అని ఉండాల్సినచోట ‘ఆకలి’ అని ఉంది. చిన్న బర్గరు పేరు ఫస్టు గేరు. రెండు పొరలది టాపు గేరు. బరీటో పేరు ఫుల్ ట్యాంకు. బ్రేకులాయన కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా శ్రద్ధగా చదివి, ఇందులో బ్రేకుల పేరు మీద ఏమీ లేదేమని అడిగాడు. తినేచోట బ్రేకులు వేస్తే మాకు గిరాకీ ఉండదండీ అంది ఆ అమ్మాయి. ఆ జవాబు ఆయనకు నచ్చింది. ఫుల్ ట్యాంకు తెమ్మన్నాడు.

అత్తగారు ఫస్టు గేరు చాలంది. కోడలు టాపు గేరు చెప్పింది. కొడుకు తనకేమీ వద్దన్నాడు. కోడలు కాగితం మీద అతని పేరున బరీటో రాసి ఇచ్చేసింది.

తిండి వచ్చేలోగా అత్తగారు తమ పరిచయం ఎలా జరిగిందో చెప్పడం మొదలుపెట్టింది. కోడలితో చెప్తున్నట్టే చెప్పింది కానీ, గొంతు బల్లకు అవతలివైపు దాకా వినబడేట్టు పెంచింది.

బ్రేకులాయన పనిచేసే షెడ్డులో అందరికీ ఏటా వైద్యపరీక్షలు చేయిస్తారు. మూడేళ్ళ కిందట ఈయన వంతు వచ్చింది. ఇంత మనిషి వచ్చి ధీమాగా కూర్చున్నాడు, చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ముంజేతి మీద నరాలు తాళ్ళలా ఉన్నాయి. రక్తం తీసేవాళ్ళకు పండగలాంటి చెయ్యి. ఆవిడ సూది తీసి కవరు చింపిందో లేదో, మనిషి కుర్చీలోంచి జారి నేల మీద పడ్డాడు. ఇంకా సూది తగలనే లేదు. ఇద్దరు సాయంపట్టి లేపారు. నీళ్ళు చల్లాక కళ్ళు తెరిచి ఆయన అడిగిన మొదటిమాట, "బండి ఆగిందా?" అని.

కొడుకు పెదవులు బిగబట్టాడు. భుజాలు మాత్రం ఆగలేదు.

మర్నాడు మళ్ళీ రమ్మందట ఆవిడ. వచ్చాడు, మళ్ళీ పడ్డాడు. మూడోరోజు ఆవిడ ఆయన్ని మాటల్లోకి దింపింది. బ్రేకు ఎలా పనిచేస్తుందో చెప్పమంది. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. ద్రవం గొట్టంలోంచి ఎలా పోతుంది, గాలి జొరబడితే ఏమవుతుంది, ఎంత చిన్నగా కారినా బండిని ఎందుకు నమ్మకూడదు. ఆయన చెప్పడం పూర్తయ్యేసరికి సీసా నిండి ఐదు నిమిషాలైంది. ఆవిడ మాత్రం ఆపమనలేదు. వినాలనిపించిందట.

ఇక్కడ ఆవిడ కాస్త ఆగింది. బ్రేకులాయన బల్ల గాజు మీద వేలితో గీతలు గీస్తున్నాడు. అరవై ఒక్కేళ్ళ మనిషికి చెవులు ఎర్రబడటం కోడలు అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

* * *

వంటింటి వైపునుంచి లారీ హారను మోగింది. తిండి తయారైనప్పుడల్లా అక్కడ అలాగే మోగిస్తారట. ఇనుప ట్రేలలో పెట్టి తెచ్చారు. టొమాటో సాసు నూనె డబ్బాలో వచ్చింది.

బ్రేకులాయన బరీటోను రెండుచేతులా అందుకున్నాడు. చుట్టిన వెండికాగితాన్ని ఒక కొసనుంచి మరో కొసదాకా, బేరింగు డబ్బా విప్పినంత నేర్పుగా, మొత్తం విప్పేశాడు. మడిచి పక్కన పెట్టాడు. ఒక ముక్క కొరికాడు. రెండో ముక్కకు అవతలి కొస విచ్చుకుని అన్నమూ చిక్కుడుగింజలూ చీజూ కొంత తెల్లచొక్కా మీదికి, మిగిలినదంతా ట్రేలోకి జారాయి.

ఎవరూ నవ్వలేదు. ఆయన చేతిలో మిగిలిన ఖాళీరొట్టె వంక, చొక్కా వంక చూసుకున్నాడు. ఇంతసేపూ ఆయన ఎంత జాగ్రత్తగా కూర్చున్నాడో, ఈ చొక్కా కోసం ఎంత ఆలోచించి ఉంటాడో ఆ చూపులో తెలిసిపోయింది.

కొడుకు లేచాడు. కోడలు, ఇంక వెళ్ళిపోతాడనే అనుకుంది. అతను పక్కబల్ల మీది కాగితపు రుమాళ్ళ కట్ట మొత్తం తీసుకొచ్చి ఆయన ముందు పెట్టాడు. తన బరీటో ఉన్న ట్రేను ఆయనకిచ్చి, ఆయన ట్రే తాను తీసుకున్నాడు.

"కాగితం మొత్తం తీయకూడదండీ. ఇలా ఇంతే చింపాలి. తిన్నంతమేర చింపుకుంటూ పోవాలి. కింద కాగితం ఉంటేనే అది నిలబడుతుంది." ఒక అంగుళం చింపి చూపించాడు. అతను మందులషాపు నడుపుతాడు. మాత్రలు ఎన్నింటికి వేసుకోవాలో రోజూ ముసలివాళ్ళకు చెప్పే ఓపికే ఆ గొంతులోనూ ఉంది.

"కింద ఆపు ఉండాలన్నమాట" అన్నాడు బ్రేకులాయన.

"అంతే."

అవే అతను ఆయనతో మాట్లాడిన మొదటి మాటలు. అనేశాక అతనికీ తట్టినట్టుంది, గబుక్కున కూర్చుని, విచ్చిపోయిన బరీటోను చెంచాతో తినడం మొదలుపెట్టాడు.

తిండి నిజంగానే బాగుంది. రొట్టె వెన్నలో కాల్చి మెత్తగా ఉంది. కోడలు బర్గరు రెండు చేతుల్తో పట్టుకుని కొరుకుతుంటే ముక్కుకు సాసు అంటుకుంది. అత్తగారు తుడిచింది. కాసేపు నలుగురూ మాట్లాడుకోకుండా తిన్నారు. ఆ మౌనం ఇంట్లో తొమ్మిది రోజుల మౌనంలా లేదు. పక్కబల్ల దగ్గర ఎవరిదో పుట్టినరోజనుకుంటా, హారను మూడుసార్లు మోగించారు. బ్రేకులాయన ప్రతిసారీ ఉలిక్కిపడి కాలితో నేలను తొక్కాడు. బ్రేకు తొక్కే అలవాటట. అది చూసి కోడలు పొలమారేంతగా నవ్వింది.

నవ్వు ఆగాక కొడుకు చెంచా పక్కన పెట్టాడు. తల్లి వైపు తిరిగి, తొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి ఆవిడతోనే మాట్లాడాడు.

"నీకు మా ఇంట్లో ఏం తక్కువైందమ్మా?"

గట్టిగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. నాన్న పోయినప్పుడు అతనికి ఇరవయ్యేళ్ళు. ఆనాటినుంచి పద్నాలుగేళ్ళుగా ఆవిడ బాధ్యత తనదనే అనుకున్నాడు. మోకాలి నొప్పికి ఏ మందు, ఏ పూట, ఎప్పుడు మార్చాలి, అన్నీ అతని తలలో ఉంటాయి. తాను చూసుకోవడంలో ఎక్కడో లోపం ఉండబట్టే ఆవిడ బయటికి చూసిందన్న బాధ అతన్ని నిద్రపోనీయలేదని కోడలికి తెలుసు. అది అతను కోపంగా మార్చుకున్నాడు. అతనికి అదే తేలిక.

తల్లి సగం తిన్న బర్గరు ట్రేలో పెట్టింది.

"ఏమీ తక్కువ కాలేదురా. నువ్వు నన్ను బాగా చూసుకున్నావు. రోజూ షాపునుంచి రాగానే అమ్మ తిన్నదా అని అడుగుతావు. తిన్నానురా. పద్నాలుగేళ్ళుగా రోజూ తిన్నాను. ఇంకేదైనా అడిగేవాళ్ళు ఒకరుంటే బాగుండుననిపించింది."

కొడుకు ట్రేలోని చెంచాను కదిపాడు.

"నీ తప్పు కాదు" అంది ఆవిడ మళ్ళీ. "పిల్లలు అడగాల్సింది అదే. నువ్వు సరిగ్గానే అడిగావు."

కోడలు భర్త మోకాలి మీద చెయ్యి వేసింది. అతను తీసేయలేదు. బ్రేకులాయన కాగితం అంగుళం అంగుళం చింపుకుంటూ తిన్నాడు. ఒక్క మెతుకు కూడా కింద పడలేదు.

కొంతసేపటికి కొడుకు గొంతు సవరించుకున్నాడు. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడుగుతున్నట్టు, మీ ఇంట్లో ఎవరెవరుంటారండీ అన్నాడు.

"నేనూ, మా అమ్మా" అన్నాడు బ్రేకులాయన. "ఎనభై నాలుగు. కళ్ళూ చెవులూ అన్నీ భేషుగ్గా ఉన్నాయి. నోరు కూడా."

"ఆవిడేమన్నారు మరి, ఈ సంగతికి?"

బ్రేకులాయన నమలడం ఆపాడు.

ముందుగా అర్థమైంది అత్తగారికి. ఆవిడ మెల్లగా అటు తిరిగింది. "చెప్పానన్నారుగా?"

"చెబుతానన్నాను మేడం." మూడేళ్ళ పరిచయమైనా ఆయన ఇంకా ఆవిడను మేడం అనే పిలుస్తాడు. "మూడుసార్లు పక్కన కూర్చున్నాను. ఒకసారి కాళ్ళు పట్టాను. ఒకసారి రేడియో బాగుచేశాను. నోరు పెగల్లేదు."

అత్తగారు ల్యాబులో పెద్దగొంతుతో ఎవరినీ కసరలేదంటారు. ఇప్పుడూ గొంతు పెంచలేదు. నేను కన్నకొడుకుతో తొమ్మిది రోజులు మాటల్లేకుండా ఉన్నాను, మీరు కన్నతల్లికి చెప్పనే లేదు అని మాత్రం అంది. అంతకంటే కసిరినా బాగుండేది.

కోడలు ఇద్దరి వంకా చూసింది. ఇందాకటిదాకా సమస్య అంతా బల్లకు ఇటువైపే ఉందనుకుంది. తన భర్తలాగే ఒప్పించాల్సిన మనిషి అటువైపు ఇంకొకరున్నారని, ఆవిడకు ఎనభై నాలుగేళ్ళని ఎవరూ ఊహించలేదు. కొడుకు మొహంలో మాత్రం చిత్రంగా ఏదో తేటపడింది. నిన్నటిదాకా తాను తిట్టుకున్న మనిషి, తన తల్లి ముందు నోరు విప్పలేని మరో కొడుకేనని అప్పుడే తెలిసినట్టుంది.

"చెబితే ఆవిడ ఏమంటారు?" అని అడిగాడు.

"కాదనదు బాబూ. కానీ ఒక్కమాట అడుగుతుంది. ఆ అమ్మాయి తరఫున పెద్దవాళ్ళెవరు, వాళ్ళొచ్చి నాతో మాట్లాడలేదేం అని. అది ఆవిడ పట్టు. మాటంటే ఎదురుగా కూర్చుని చెప్పాలి."

అమ్మాయి అన్న మాటకు అత్తగారి కోపం సగం పోయింది. దాచుకోవడానికి బర్గరు తీసుకుంది.

ఆవిడకు తల్లిదండ్రులు లేరు, అన్నదమ్ములు లేరు. తరఫున పెద్ద అంటూ ఎవరున్నారని బల్ల చుట్టూ అందరూ లెక్కవేసుకున్నారు. లెక్క పెద్దదేం కాదు. ఒకరి తర్వాత ఒకరు, మూడు జతల కళ్ళు వెళ్ళి కొడుకు మీద ఆగాయి.

అతను గడ్డం తుడుచుకున్నాడు. రుమాలు మడిచాడు. మళ్ళీ విప్పి మళ్ళీ తుడుచుకున్నాడు. వద్దనడానికి మాటలు వెతుక్కుంటున్నాడని కోడలు అనుకుంది. ఎన్ని అభ్యంతరాలు చెప్పొచ్చో ఆమే లోపల్లోపల లెక్కపెట్టింది. ఐదు దాకా వచ్చాయి.

"ఆదివారం ఆవిడ ఎన్నింటికి ఖాళీగా ఉంటారు?" అన్నాడు.

బ్రేకులాయన, పదింటికి అన్నాడు.

"వస్తాను" అన్నాడు కొడుకు. తల్లి వైపు తిరిగాడు. "వస్తానన్నానే గాని, ఒకటి ముందే చెప్తున్నా. ఆవిడ నన్ను కూర్చోబెట్టి, మరి నీకిష్టమేనా నాయనా అని అడిగితే ఏం చెప్పాలో నాకింకా తెలీదమ్మా. అబద్ధం మాత్రం చెప్పను."

బ్రేకులాయన చేతిలోని కాగితం చప్పుడు ఆగిపోయింది.

తల్లి కొడుకు మొహంలోకి చూసింది. సూది గుచ్చే ముందు నరం ఎక్కడుందో చూసినట్టు, తొందరపడకుండా, చాలాసేపు చూసింది.

"వద్దులే, అబద్ధం చెప్పకు" అంది. "ఇవాళ శుక్రవారమేగా, ఆదివారం దాకా ఆలోచించుకో."